బైపాస్ తర్వాత ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి నెట్టే రక్తం శాతం) ఇంకా తగ్గింది. ఆపరేషన్ చేయించి తప్పు చేశామా?

గోదారి అబ్బాయి:
నాన్నగారికి 64 ఏళ్లు. ఆపరేషన్‌కి ముందు ఎకోలో ఈఎఫ్ 35. మూడు గ్రాఫ్టులు (మూసుకున్న రక్తనాళాన్ని దాటించే కొత్త దారులు) వేశారు. పదో రోజు ఎకో తీస్తే 30 వచ్చింది. బాగుపడుతుందని ఛాతీ కోయిస్తే ఉన్నది కూడా పోయిందని అమ్మ ఒకటే ఏడుపు. మందులతో నెట్టుకొచ్చి ఉంటే సరిపోయేదా?

మందులే మేలు:
నా మాటా అదే. స్టిచ్ ట్రయల్‌లో ఈఎఫ్ 35, అంతకన్నా తక్కువ ఉన్న 1212 మందిని తీసుకుని కొందరికి మందులు మాత్రమే, కొందరికి మందులతో పాటు బైపాస్ ఇచ్చారు. 2011లో ఫలితం చూస్తే మొత్తం మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇక కోత ఎందుకండీ?

పాత పెర్ఫ్యూజనిస్ట్:
సగం కథ దగ్గరే పుస్తకం మూసేశారు. వాళ్లనే పదేళ్ల దాకా గమనించారు. 2016లో లెక్క తేలింది: మందుల వైపు సుమారు 66 శాతం చనిపోతే, బైపాస్ వైపు 59. మొదటి నెలలో మాత్రం బైపాస్ వాళ్లకే ప్రమాదం ఎక్కువ. రిస్కు మొత్తం ముందే కట్టేస్తాం, లాభం వాయిదాల్లో వస్తుంది.

అబ్బాయిగారూ, గుండె ఆపి హార్ట్-లంగ్ మెషిన్ మీద చేశారా, గుండె కొట్టుకుంటుండగానే చేసే బీటింగ్ హార్టా? మన దగ్గర రెండోది ఎక్కువగా చేస్తారు.

గోదారి అబ్బాయి:
డిశ్చార్జ్ కాగితంలో పంప్ అని ఉందండి.

పాత పెర్ఫ్యూజనిస్ట్:
పంప్ అంటే ఆ మెషినే. అయితే పొటాషియం ద్రావణంతో గుండెను ఆపి, మళ్లీ నడిపించారన్న మాట. కండరం కొన్నాళ్లు మొద్దుబారుతుంది. ఏళ్లుగా రక్తం చాలక నిద్రపోయిన భాగమైతే లేవడానికి నెలలు పడుతుంది. పైగా ఎకోలో 5 పాయింట్లంటే చూసే కన్ను మారినా వస్తాయి. ఛాతీలో ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే పరికరం) పెట్టాలా వద్దా అనేది కూడా బైపాస్ అయ్యాక సాధారణంగా మూడు నెలలు ఆగే తేలుస్తారు.

నెల్లూరు కోడలు:
ఈ ముక్క ఆస్పత్రిలో ఒక్కరైనా చెప్పాలి కదా! మా మామయ్యగారికి ఆరు నెలల్లో 30 నుంచి 42కి వచ్చింది. ఈలోపు మేం పడ్డ టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి?

మందులే మేలు:
ఆ 42 గ్రాఫ్టుల వల్లా, మాత్రల వల్లా? మాత్రలు కూడా ఈఎఫ్ పెంచుతాయి.

నెల్లూరు కోడలు:
రెండూ పనిచేశాయేమో. విడదీసి ఎవరు చెప్పగలరు? మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మాననివ్వలేదు.

గోదారి అబ్బాయి:
కాస్త ధైర్యం వచ్చింది. శనివారం చెకప్ ఉంది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగారు కూడా, ఒంటికి తిండి పడుతున్నట్టుంది.

పాత పెర్ఫ్యూజనిస్ట్:
మూడు రోజుల్లో రెండు కిలోలు తిండి కాదండీ, నీరు చేరుతున్నట్టుంది. పాదాలు నొక్కి చూడండి, సొట్ట పడుతుందా? పడినా పడకపోయినా శనివారం దాకా ఆగకండి, ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆయాసం ఉంటే ఫోన్ కూడా వద్దు, నేరుగా తీసుకెళ్లండి.