జావా నుంచి గో భాషకు మారాను: ఎర్రర్లను ఎక్కడెక్కడ చుట్టాలి?

పన్నెండేళ్లు జావా ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసి ఇటీవలే గో భాషకు మారిన నాకు, ఎక్సెప్షన్‌ను (పొరపాటు జరిగిందని తెలిపే సంకేతాన్ని) కింది ఫంక్షన్‌లో ఎక్కడో విసిరి పైన ఒక్కచోట ట్రై-క్యాచ్‌తో పట్టుకునే అలవాటు ఇంకా పోలేదు. గోలో ఎర్రర్ కూడా ఫంక్షన్ తిరిగి ఇచ్చే మామూలు విలువే కాబట్టి, ఫైల్ తెరిచినా, చదివినా, ప్రతిసారీ అది నిల్ (అంటే ఎర్రర్ ఏమీ లేదు) అవునో కాదో చూడవలసి వస్తోంది. విసుగుపుట్టి మొదట్లో పానిక్, రికవర్‌లను (మామూలు అమలును ఆపేసేది ఒకటి, దాన్ని తిరిగి అదుపులోకి తెచ్చేది మరొకటి) జావా పద్ధతిలో వాడి, కోడ్ రివ్యూలో చీవాట్లు తిన్నాను (అవి న్యాయమైనవే). 2019లో వచ్చిన గో 1.13 వెర్షన్ నుంచి ఒక ఎర్రర్‌ను మరొకదానిలో చుట్టి (అంటే అసలు ఎర్రర్‌ను లోపల ఉంచి అదనపు వివరం జోడించి) పైకి పంపి, ఎర్రర్స్ అనే ప్యాకేజీ (కోడ్ సముదాయం)లోని ఈజ్, యాజ్ ఫంక్షన్లతో అసలు కారణాన్ని గుర్తించవచ్చని తెలుసుకున్నాను. అయితే అన్నిచోట్లా చుడితే లాగ్‌లో (ప్రోగ్రామ్ రాసే చిట్టాలో) "ఫైల్ తెరవలేకపోయాం" అనే మాటే ఒకే వరుసలో మూడుసార్లు కనిపిస్తోంది. ప్రతి ఫంక్షన్‌లోనూ చుట్టాలా, లేక ప్యాకేజీ సరిహద్దు దగ్గర మాత్రమే చాలునా? జావా నుంచి వచ్చినవారు తాము పాటిస్తున్న పద్ధతిని దయచేసి వివరించగలరు.