సమస్య–పరిష్కారం వ్యాసాలకు పనికొచ్చే ఇంగ్లిష్ పదబంధాలు కావాలి

ప్రశ్న:
నమస్కారం. వచ్చే నెల ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాస్తున్నాను. వ్యాసంలో సమస్య, పరిష్కారం అడిగితే నాకు తోచేవి 'ప్రాబ్లమ్', 'సొల్యూషన్' రెండే. నిన్న నగరాల్లో ట్రాఫిక్ గురించి రాసి చూసుకుంటే 'ప్రాబ్లమ్' 11 సార్లు ఉంది. కంఠతా పట్టడానికి మంచి పదబంధాల జాబితా ఎవరైనా ఇవ్వగలరా?

జవాబు:
జాబితా వద్దు. 20 ఏళ్లుగా ఈ వ్యాసాలు దిద్దుతున్నాను. కంఠతా పట్టిన వాక్యం ఎక్కడ తెచ్చి పెట్టినా అతుకు కనిపిస్తుంది. 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. దానికి నాలుగైదు పదబంధాలు సరిగ్గా వాడడం వస్తే చాలు.

ముందు ఆ 11 'ప్రాబ్లమ్'ల సంగతి. వాటి బదులు 'ప్రెడికమెంట్' లాంటి బరువైన మాటలు వెతకకండి. పై వాక్యంలో చెప్పినదానికి పేరు పెట్టండి: ఆలస్యమైతే 'దిస్ డిలే', బస్సులు చాలకపోతే 'దిస్ షార్టేజ్'. సగం 'ప్రాబ్లమ్'లు అక్కడే రాలిపోతాయి.

కారణం చెప్పేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా జారేది 'డ్యూ టు' దగ్గర. 'డ్యూ టు దేర్ ఆర్ టూ మెనీ కార్స్' అని రాస్తారు. తెలుగులో 'వాన పడింది వల్ల' అంటామా? 'వాన వల్ల' అనో, 'వాన పడడం వల్ల' అనో అంటాం. 'డ్యూ టు' కూడా మన 'వల్ల' లాంటిదే, దానికి నామవాచకం కావాలి: 'డ్యూ టు ద నంబర్ ఆఫ్ కార్స్'. పూర్తి వాక్యమే రాయాలనుకుంటే 'బికాజ్' ఉంది. 'రిజల్ట్స్ ఇన్' తర్వాత ఫలితం, 'రిజల్ట్స్ ఫ్రమ్' తర్వాత కారణం వస్తాయి. తారుమారు చేస్తే రద్దీయే కార్లను పుట్టించినట్లవుతుంది.

పరిష్కారానికి 'వన్ వే టు టాకిల్ దిస్ ఈజ్ టు' చాలు. 'సొల్యూషన్' తర్వాత 'ఆఫ్' కాదు, 'టు'. రద్దీని 'సాల్వ్' చేయరు, 'ఈజ్' (ease) చేస్తారు, 'రిడ్యూస్' చేస్తారు. 'విల్ ఎండ్' అని శపథాలు కూడా వద్దు; 'వుడ్ హెల్ప్ టు' అంటే నమ్మేలా ఉంటుంది.

మరొకరి జవాబు:
మాస్టారు చెప్పినవి సరే. నేను మొదటిసారి రాసినప్పుడు కారణం బస్సులు చాలకపోవడం అని రాసి, పరిష్కారంగా హెల్మెట్ తప్పనిసరి చేయాలన్నాను! ఇంగ్లిష్‌లో తప్పు లేదు. ఆ పరిష్కారానికీ ఆ కారణానికీ పొంతనే లేదు.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, ఇది సరేనా? 'కంజెషన్ ఈజ్ లార్జ్‌లీ డ్యూ టు ఎ షార్టేజ్ ఆఫ్ బసెస్. వన్ వే టు టాకిల్ దిస్ షార్టేజ్ ఈజ్ టు రన్ మోర్ బసెస్ ఎట్ పీక్ అవర్స్.'

జవాబు:
బాగుంది. మరి ఆ బస్సులు ఎవరు నడపాలి? రెండో 'ఈజ్' తర్వాత 'ఫర్ సిటీ అథారిటీస్ టు రన్' అని రాయండి. 'షార్టేజ్' రెండుసార్లు వచ్చిందని మాత్రం మార్చకండి, రెండోది మొదటిదాని చెయ్యి పట్టుకునే నడుస్తోంది.