శోభనం మంచాలు బాడుగకిచ్చే హీరో: సెకండాఫ్‌లో నవ్వు ఎందుకు ఆగిపోతోంది?

రేకులషెడ్డు (కర్నూలు):
రొమాంటిక్ కామెడీ స్క్రిప్టు, 118 పేజీలు. జోకులన్నీ పెద్దోళ్లకు మాత్రమే. హీరోకు 29 ఏండ్లు, కర్నూల్లో సప్లయర్స్ షాపు. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, శోభనం మంచాలు బాడుగకిస్తాడు. ఊరందరి పెండ్లికీ సామాను పంపుతాడు గానీ తన పెండ్లి మాటొస్తే ఫోనెత్తడు. హీరోయిన్ ఆ వీధిలోనే పార్లర్ పెట్టుకోని పెండ్లికూతుళ్లకు మేకప్ చేస్తుంటుంది. ఆమెతో పడకదాకా వానికి ఏ భయమూ లేదు, వాళ్లింటికి భోజనానికి పిలిస్తే మాత్రం మాయం. చదివినోళ్లు ఇంటర్వెల్ దాకా నవ్వుతున్నారు, 65వ పేజీ దాటినాక "వీడు ఒట్టి మోసగాడు" అంటున్నారు. అమ్మానాయిన విడిపోయిన ఫ్లాష్‌బ్యాక్ పెట్టినా అదే మాట. ఇంకోటి, ‘ఏ’ సర్టిఫికెట్ వస్తే నష్టమా?

పేజీకొకనిమిషం (అనంతపురం):
ఫ్లాష్‌బ్యాక్ తీసేయి తమ్ముడూ. అంతసేపు నవ్వినోళ్లను ఉన్నట్టుండి జాలిపడమంటే పడరు.

మోసగాడు మాటిచ్చి తప్పుతాడు, పిరికోడు మాటియ్యకుండా జారుకుంటాడు. నీ స్క్రిప్టులో ఈ రెండూ కలిసిపోయినట్టుంది. పడకకు ముందు "పెండ్లి చేసుకుంటాలే" అని వాడు అన్న డైలాగ్ ఎక్కడున్నా వెతికి కొట్టేయి. చేసుకునే ఉద్దేశం లేకుండా ఆ మాట చెప్పి కలిస్తే భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేండ్ల దాకా జైలు. చూసేవానికి సెక్షన్ నంబరు తెలియకపోయినా ఇది కేసు అని తెలుస్తుంది, ఇంక నవ్వడు. 15వ పేజీలోపే ఆమెకు వాని సంగతి తెలిసిపోవాల. తెలిసే వచ్చిందంటే ఆమెకూ ఏదో లెక్క ఉన్నట్టు. ఆ లెక్క ఏందో రాసుకో, ఇప్పుడు ఆమె ఊరికే ఎదురుచూసే మనిషిగా ఉంది.

అసలు సరుకు నీ షాపులోనే ఉంది. ఏది పంపినా మర్నాడు లెక్కపెట్టి వెనక్కి తెచ్చుకునే మనిషి వాడు. ఆ భయాన్ని వస్తువుల్లో పెట్టు: గోడౌన్లో ఆమె చార్జర్, తర్వాత బ్రష్షు, తర్వాత షట్టరు రెండో తాళంచెవి. ఎనిమిది పది పేజీలకొకటి రావాల, ప్రతిసారీ వాడు ఇంకొంచెం పెద్దగా ఉలిక్కిపడాల. మూడుసార్లు వాడు తిప్పి పంపినాక నాలుగోసారి ఆమే వచ్చి తన సామాను లెక్కపెట్టుకోని తీసుకుపోతే, అదే నీ ఇంటర్వెల్.

కాలం కూడా వాడుకో. కథ ఆషాఢంలో మొదలుపెట్టు. ముహూర్తాలుండవు, మంచాలన్నీ గోడౌన్లోనే ఉంటాయి, వీళ్లకు చోటుకు కరువుండదు. శ్రావణం రాగానే ఒక్కో మంచం బయటికి పోతుంది. ఎవరూ చెప్పకుండానే గడువు ముంచుకొస్తుంది.

సెకండాఫ్‌లో ఇద్దరినీ ఎన్ని పేజీలు విడదీసినావు? పన్నెండు దాటితే జోకులన్నీ ఫ్రెండు నోట్లోకి పోతాయి. ఒకే పెండ్లికి వీడు సామాను, ఆమె మేకప్ ఒప్పుకున్నట్టు పెట్టు. మూడు రోజులు మొహాలు చూసుకోక తప్పదు.

ఎర్రకారం దోశె (కడప):
బూతు గురించి. వాడు భయపడినప్పుడు నోరు జారితే అది పాత్ర. ఫ్రెండు ఊరికే అరటిపండు పట్టుకోని డబుల్ మీనింగ్ కొడితే అది నింపుడు. చూడకుండానే చెప్తున్నా, సగం ఈ రెండోరకమే ఉంటుంది, కొట్టేయి.

మంచం మీద పెద్ద సీను ఒకటి రాయొచ్చు. పొద్దున వీళ్లిద్దరి వల్ల మంచం కోడు బోల్టు వదులవుతుంది. సాయంత్రం అది పెండ్లివారింటికి పోవాల. వాడు బిగించబోతే మర వొరిసిపోయి పట్టదు, పూలు కట్టేవాళ్లు అప్పటికే వచ్చేసినారు. ఇంక రాత్రంతా కొత్తజంట గది బయట స్పానరు పట్టుకోని నిలబడాల, పెండ్లికూతురి మేనత్త "నీకేం పని ఈడ?" అని అడగాల. లోపల ఏం జరిగిందో చూపించొద్దు. కిర్రుమన్న శబ్దం, వాని మొహం చాలు.

భాష చూసుకో. సీమ అనగానే తొడగొట్టే యాస పెడతారు, ప్రేమికులు అట్ల మాట్లాడరు. కడపలో "వస్తాండా" అన్నది కర్నూల్లో అట్లనే పలకదు. నటులకు ఇచ్చేముందు మీ ఊరి ఆడమనిషితో పైకి చదివించు. ఆమె నవ్వకపోతే ఆ జోకు ఆడోళ్ల మీద వేసిందే అయ్యుంటుంది.

నాలుగోరీలు (కర్నూలు):
సర్టిఫికెట్ సంగతి. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత యు/ఎ (పిల్లలు పెద్దల సలహాతో చూసేది) మూడు రకాలైంది: 7+, 13+, 16+. ‘ఏ’ వస్తే 18 నిండనోళ్లకు థియేటర్లో ప్రవేశం లేదు. అసలు దెబ్బ టీవీ హక్కుల దగ్గర. ‘ఏ’ సినిమాను ఉన్నదున్నట్టు ప్రసారం చేయకూడదు, కోసి టీవీ కోసం వేరే సర్టిఫికెట్ తెచ్చుకోవాల. అందుకే షూటింగ్‌లోనే బూతు డైలాగుకు రెండో మాట కూడా పలికించి పెట్టుకో. తర్వాత డబ్బింగ్‌తో కప్పితే పెదాలు కలవవు. నేరుగా ఓటీటీకైతే సెన్సార్ అవసరం లేదు, 2021 ఐటీ నిబంధనల ప్రకారం వయసు రేటింగ్ వాళ్లే వేసుకుంటారు.

‘ఏ’కి సిద్ధపడినంత మాత్రాన అన్నీ దాటిపోవు. నీచమైన ద్వంద్వార్థాలు, ఆడవాళ్లను కించపరిచే సీన్లు వద్దని సెన్సార్ మార్గదర్శకాల్లోనే ఉంది. సెన్సార్ కమిటీ చెప్పిన కోతలు నువ్వు ఒప్పుకోకపోతే సినిమాను మళ్లీ చూసే రివైజింగ్ కమిటీకి పోవాల, ఆపైన హైకోర్టే. మధ్యలో ఉండే అప్పీలు ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేసినారు. ట్రైలర్‌కు సర్టిఫికెట్ వేరు, దాంట్లో మంచం సీను పెడితే కుటుంబాల సినిమాల ముందు వేయలేవు.

రేకులషెడ్డు:
"పెండ్లి చేసుకుంటాలే" నాలుగుచోట్ల దొరికింది అన్నా, నాలుగూ తీసేస్తున్నా. విడదీసింది 31 పేజీలు. మంచం సీను నిజం గోడౌన్లోనే తీయొచ్చా?

నాలుగోరీలు:
తీయొచ్చు, ఎండాకాలం మాత్రం వద్దు. రేకుల కింద పగలు నిలబడలేరు, మేకప్ కారిపోతుంది. వానలో రేకుల చప్పుడుకు లైవ్ సౌండ్ పనికిరాదు. రాత్రిపూట పెట్టుకో. మంచం కిర్రు విడిగా రికార్డు చేసుకో. ఎక్కడ తాకాలి, ఎంతదాకా అన్నది నటులిద్దరితో ముందే కాగితం మీద రాసుకో, మామూలు బట్టల్లో రెండుసార్లు రిహార్సల్ చేయించు. సీను తీసేటప్పుడు పనిలేనోళ్లు బయట, ఫోన్లు కూడా బయట. ఇంకా, మంచాలు రెండు తెచ్చుకో. బోల్టు వదులుచేసింది ఒకటి, గట్టిది ఒకటి. వదులుదాని మీద మనుషుల్ని పడుకోబెట్టొద్దు.