పదేళ్ల పిల్లాడికి రక్తనాళం గోడ మందం అవుతుందా?

ప్రశ్న:
మా బాబుకి పదేళ్లు. బరువు ఎక్కువ ఉన్నాడని చూపిస్తే, డాక్టర్ గారు మెడ రక్తనాళాలకు అల్ట్రాసౌండ్ తీయించి, గోడ వయసుకి మించి కొంచెం మందంగా ఉందన్నారు. నాకు అప్పటి నుంచి నిద్ర లేదు. వాడికి ఆయాసం లేదు, నొప్పి లేదు, బాగానే పరిగెడతాడు. ఇంత చిన్న వయసులో ఇది మొదలవుతుందా? మళ్లీ మామూలవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

జవాబు 1:
మొదలవుతుందండి. 1953లో వచ్చిన ఒక నివేదికలో, కొరియా యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల గుండెలు కోసి చూస్తే, సగటున 22 ఏళ్ల కుర్రాళ్లే అయినా నూటికి 77 మందికి గుండె ధమనుల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. తర్వాత లూసియానా రాష్ట్రంలోని బోగలూసాలో 1970ల నుంచి పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో ప్రమాదాల్లోనో మరోలానో చిన్న వయసులో పోయినవాళ్లకి పోస్టుమార్టం చేస్తే, బరువు, బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ల ధమనుల్లోనే కొవ్వు చారలు ఎక్కువ. నాళం బాగా ఇరుకైతే తప్ప నొప్పి రాదు కాబట్టి, పరిగెడుతున్నాడని ధీమాగా ఉండకండి.

జవాబు 2:
పై మాటలు నిజమే కానీ తల్లిని అంత భయపెట్టక్కర్లేదు. నేను పిల్లల వార్డులో నర్సుని. ఆ గోడ మందం అర మిల్లీమీటర్ లోపు ఉండే లెక్క, కొలిచే చేతిని బట్టి మారుతుంది, ఒక్క స్కాన్ పట్టుకుని ఏమీ తేల్చలేం. బీపీ చూపించండి, పట్టీ వాడి చేతికి సరిపోయే సైజుదో కాదో అడగండి, చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. కొలెస్ట్రాల్, షుగర్ చేయించండి, 9 నుంచి 11 ఏళ్ల మధ్య కొలెస్ట్రాల్ ఒకసారి చూడమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే చెప్తోంది. మెడ వెనక చర్మం నల్లగా, మెత్తగా మందంగా ఉంటే అదీ చెప్పండి, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదనడానికి గుర్తు కావచ్చు.

ఇక మామూలవుతుందా అన్నారు కదా. బోగలూసాతో కలిపి నాలుగు అధ్యయనాల్లోని 6 వేలకు పైగా మందిని సగటున 23 ఏళ్లు గమనించి 2011లో చెప్పిందేంటంటే, చిన్నప్పుడు ఊబకాయం ఉండి పెద్దయ్యేసరికి తగ్గినవాళ్లకి, ఎప్పుడూ లేనివాళ్లకి షుగర్, బీపీ, నాళాల గోడ మందం లాంటి వాటి ముప్పు దాదాపు ఒకటే. పదేళ్లవాడు ఇంకా ఎత్తు పెరుగుతాడు, చాలామందికి బరువు అక్కడే ఆగితే చాలు, పస్తులు పెట్టకండి. రోజుకో గంట ఆట ఉండాలి. వాడి ముందు మాత్రం లావు అనే మాట వద్దమ్మా, పిల్లలు దాన్ని చాలా ఏళ్లు మోస్తారు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా? ఆ పొగ కూడా పిల్లల నాళాలకు చేటే.

ప్రశ్న అడిగినవారు:
మా ఆయన తాగుతారు, బాల్కనీలోనే కదా అని నేనూ ఊరుకున్నాను. ఈ జవాబు ఇప్పుడే ఆయనకి చదివి వినిపించాను. రేపు రక్తపరీక్షకి తీసుకెళ్తున్నాం, రిపోర్టు రాగానే ఇక్కడే రాస్తాను.