మూత్రంలో మంట, కిడ్నీ వాపు రాకుండా పల్లేరు కషాయం: రోజూ తాగించవచ్చా?

టంగుటూరు పొదుపు సంఘ సభ్యురాలు

మా వైపు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే ఆడవాళ్లలో మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం ఎండలు ముదిరే కొద్దీ ఎక్కువవుతున్నాయి. పల్లేరు కాయలు, కొండపిండి ఆకు, ధనియాలు వేసి కాచిన కషాయాన్ని ఉదయం పని మొదలయ్యే ముందు తలా ఒక గ్లాసు ఇద్దామని మా సంఘంలో ప్రతిపాదన వచ్చింది. తరతరాలుగా తాగుతున్నదే కదా అని కొందరు, కషాయాలతో కిడ్నీలు పాడవుతాయని కొందరు పట్టుబడుతున్నారు. జబ్బు వచ్చాక తగ్గించుకోవడం గురించి కాదు, రాకుండా ఆపడం గురించే నేను అడుగుతున్నాను.

పొదిలి ఆయుర్వేద వైద్యుడు

ఇవ్వవచ్చునన్నదే నా అభిప్రాయం. చరకుడు మూత్రవిరేచనీయ గణంలో, అంటే మూత్రం బాగా జారీ చేసే మందుల జాబితాలో, చెప్పిన పది ద్రవ్యాలలో పల్లేరు ఒకటి, దశమూలాలనే పది వేళ్ల మందులోనూ అది ఉంది. మూత్రకృచ్ఛ్రానికి, అంటే మూత్రం నొప్పితో కష్టంగా రావడానికి, నేటికీ మేము ముందుగా తలచుకునే మూలికల్లో అదొకటి. అయితే ఏ కాయ తెస్తున్నారో చూసుకోవాలి. మన సముద్రతీరపు ఇసుక నేలల్లో విరివిగా కనిపించే ఏనుగు పల్లేరు వేరే మొక్క. దాని పచ్చి కొమ్మను గ్లాసు నీళ్లలో కాసేపు తిప్పితే నీళ్లు తీగ సాగేంత జిగటగా మారతాయి, మనం చెప్పుకుంటున్న మామూలు చిన్న పల్లేరుతో అలా జరగదు. రెండూ వాడుకలో ఉన్నవే అయినా, ఒకదానికి బదులు మరొకటి వేసి అదే కషాయమని పంచడం సరికాదు.

కావలి స్టాఫ్ నర్సు

వైద్యులు గారూ, మూత్రం బాగా వచ్చేలా చేయడం, ఇన్ఫెక్షన్ రాకుండా ఆపడం రెండూ ఒకటేనని మనం అనుకోకూడదు. ఈ ఇన్ఫెక్షన్లలో అత్యధిక భాగం పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా మూత్రనాళంలోకి చేరి, మూత్రాశయం గోడకు అంటుకోవడం వల్ల వస్తున్నవే. అలా అంటుకోకుండా అడ్డుపడే పదార్థాలు క్రాన్‌బెర్రీ పండులో ఉన్నాయి. తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలకు ఆ పండు కొంత మేలు చేస్తుందని 2023లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసే నివేదిక) తేల్చింది, కానీ గర్భిణులలో అంతటి మేలు కనబడలేదు. అదీ మన పొలాల్లో పండేది కాదు. పల్లేరుకు ఆపాటి రుజువు లేదు.

రుజువు ఉన్నది మామూలు నీళ్లకే. తరచూ మూత్రాశయ ఇన్ఫెక్షన్ వస్తూ, రోజుకు లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగే 140 మంది స్త్రీలపై చేసిన పరిశోధన 2018లో వెలువడింది. అందులో సగం మంది అదనంగా లీటరున్నర నీళ్లు చొప్పున ఏడాది పాటు తాగగా, వాళ్లకు సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, మామూలుగా ఉన్నవాళ్లకు 3.2 సార్లు వచ్చింది. కాబట్టి మీరు ఇవ్వబోయే గ్లాసులో మేలు చేసేది పల్లేరా, నీళ్లా అని అడిగితే నేను నీళ్లనే అంటాను. అలాగని ఒక్క గ్లాసుతో ఏమీ కాదు.

కనిగిరి రైతు

నీళ్లంటున్నారు గనుక ఏ నీళ్లో కూడా చెప్పుకోవాలి. మా కనిగిరి చుట్టుపక్కల బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న సంగతి జిల్లా అంతటికీ తెలిసిందే, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపూ ఇదే బాధ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని పరిమితి. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు ఒక లీటరు పోసి, పద్ధతి ప్రకారం పావు లీటరు మిగిలేదాకా కాస్తే, ఆ 2 మిల్లీగ్రాములూ ఆ పావు లీటరులోనే ఉండిపోతాయి. అంటే గాఢత నాలుగింతలు అవుతుంది. ఒంట్లోని ఫ్లోరైడ్‌ను బయటికి పంపాల్సింది కిడ్నీలే, అవి దెబ్బతిన్నవాళ్లలో అది ఇంకా ఎక్కువగా నిలిచిపోతుంది. కిడ్నీల మేలు కోరి కాచే కషాయాన్ని అటువంటి నీళ్లతో కాయకండి, క్యాను నీళ్లు గాని ఫ్లోరైడ్ లేదని పరీక్షలో తేలిన నీళ్లు గాని వాడండి.

పొదిలి ఆయుర్వేద వైద్యుడు

ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. దీనికి ఇంకొకటి చేర్చాలి. నల్లరేగడి చేలలో పెరిగే గాడిదగడపాకును పల్లెల్లో నులిపురుగులకు, చర్మవ్యాధులకు వాడే అలవాటుంది. ఆ జాతి మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను కోలుకోలేనంతగా పాడుచేస్తుంది, క్యాన్సరుకూ దారి తీస్తుంది. 1990ల తొలినాళ్లలో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన మందులో ఒక చైనా మూలికకు బదులు ఈ జాతి మూలిక కలవడంతో వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. అందుకే ఎవరో ఏరుకొచ్చిన ఆకును కషాయంలో వేయవద్దని మా దగ్గరికి వచ్చేవాళ్లను ఎంతగానో బతిమాలుతుంటాను. పల్లేరు విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

కొండపి నుంచి, గ్రేడింగ్ కూలీ కూతురు

అందరూ పెద్దవారు, మీ మాట కాదనలేను. కానీ మా అమ్మ పనిచేసే షెడ్డులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. అందుకే వాళ్లు ఉదయం నుంచి గొంతు తడుపుకోవడానికి తప్ప నీళ్లు తాగరు, వచ్చినా సాయంత్రం దాకా ఆపుకుంటారు. మూత్రం ఎక్కువగా వచ్చే కషాయాన్ని పొద్దున్నే వాళ్లకు తాగిస్తే ఎక్కడికి వెళ్తారు? లీటరున్నర నీళ్లు అదనంగా తాగమంటే ఎలా తాగుతారు? కషాయానికి పెట్టే డబ్బు ముందు తలుపూ నీళ్లూ ఉన్న ఒక మరుగుదొడ్డికి పెట్టండి.

టంగుటూరు పొదుపు సంఘ సభ్యురాలు

అమ్మాయీ, మా షెడ్లలోనూ ఇదే పరిస్థితి. కషాయం మాట పక్కనబెట్టి, మరుగుదొడ్డి గురించి యజమానులతో మాట్లాడే విషయాన్నే వచ్చే సమావేశంలో మొదట పెడతాను. నర్సమ్మ గారూ, ఎవరిని ఇంటి వైద్యంతో ఆపకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలో కూడా చెప్పండి.

కావలి స్టాఫ్ నర్సు

చలితో జ్వరం, పక్కటెముకల కింద వీపు వైపు నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందని అనుమానించి ఆ రోజే పంపండి, దానికి యాంటీబయాటిక్ తప్పదు. గర్భిణులకు, షుగరు ఉన్నవాళ్లకు ఉత్త మంట ఉన్నా ఆగవద్దు. మూత్రం కల్చర్ పరీక్షకు (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు) ఇచ్చాకే మందు మొదలుపెట్టమని చెప్పండి, ఫలితం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లకు నీళ్లు ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి, పొటాషియం ఎక్కువగా ఉండే కొబ్బరినీళ్లు కూడా వాళ్లకు అడగకుండా ఇవ్వకండి.