గొంగళి విడిచిందా, మడిచిందా?

కావలి పిల్ల: గొంగళి పురుగు సీతాకోకచిలుకయ్యే పాటొకటి మా అవ్వ పాడేది, సగమే గుర్తొస్తోంది. "నిమ్మకొమ్మన గొంగళి విడిచి చుక్కల కోక కట్టె..." తర్వాతి పాదం ఎవరికైనా తెలుసా? అదే నోట్లో నానుతోంది.

పెన్నాతీరం: తర్వాతి పాదం సంగతి తర్వాత. అది 'విడిచి' కాదమ్మా, 'మడిచి'. నిమ్మ, కొమ్మ, మడిచి. ఆ మకారం చెవికి తగలడం లేదూ?

కావలి పిల్ల: మా అవ్వ 'విడిచి' అనే అనేదండీ.

ఒంగోలు గిత్త: గణాలు కట్టినా తేలదు, రెండూ నగణమే, మూడూ లఘువులే. అర్థం చూడాలి. పురుగు కుబుసం విడుస్తుంది గానీ మడిచి దండెం మీద వేస్తుందా?

పొదలకూరు నిమ్మ: మడిచినట్టే ఉంటుంది సార్, మా తోటలో చూశా. పురుగు నడుముకు పట్టుదారం చుట్టుకుని కొమ్మకు ఆనుకుంటుంది. చివరి కుబుసం తల దగ్గర చిట్లి, ముడతలు పడుతూ తోక దాకా జారుతుంది. నా అనుమానమల్లా 'గొంగళి' మీదే. నిమ్మాకు తినే పురుగుకు నూగెక్కడిది? చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్ట. పెద్దదైతే నున్నగా, ఆకుపచ్చగా. వేలు పెడితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు తన్నుకొస్తాయి, ఘాటు వాసన. లేత మొక్కల్ని ఈనెలు మిగిల్చి తినేస్తుంది. పాటలు మీకు, నష్టం మాకు.

పెన్నాతీరం: గొంగళి అంటే నూగే కానక్కర్లేదు, కప్పుకునేది ఏదైనా.

ఒంగోలు గిత్త: అలాగైతే దుప్పటీ గొంగళే! నూగుండేది వేరుశెనగ చేలో ఎర్ర గొంగళి పురుగుకి. అది మట్టిలో ప్యూపా అయి రెక్కల పురుగుగా లేస్తుంది, నిమ్మకొమ్మతో దానికేం పని? పాట కట్టినామె రెండింటినీ కలిపేసిందని నా సిద్ధాంతం. చుక్కల కోక మాత్రం నిమ్మ సీతాకోకదే. నల్లరెక్కల మీద లేతపసుపు మచ్చలు, వెనక రెక్క మూల ఎర్రచుక్క.

పెన్నాతీరం: ఒక్క క్రియలో దృశ్యమంతా చూపడం మా నెల్లూరు తిక్కన విద్య. 'మడిచి'లో ఆ పోకడ ఉంది.

ఒంగోలు గిత్త: పురుక్కీ తిక్కనేనా! వర్ణనంటే ఎర్రన. నన్నయ శరద్రాత్రుల పద్యం దగ్గర ఆపిన భారత అరణ్యపర్వాన్ని అతుకు తెలీకుండా ముగించినవాడు.

పెన్నాతీరం: ఎర్రనదీ గుడ్లూరేనంటారుగా. 2022లో కందుకూరుతో పాటు అదీ నెల్లూరు జిల్లాలోకే వచ్చింది.

ఒంగోలు గిత్త: పద్నాలుగో శతాబ్దపు కవికి జీవో చూపిస్తారేందయ్యా! ఆయన అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి.

పొదలకూరు నిమ్మ: మా మేనత్తను అడిగా. 'విదిల్చి' అంటోంది.

ఒంగోలు గిత్త: నగణం పోయింది.