‘నిత్యత్వం’ అన్నిచోట్లా నప్పుతుందా?

డిగ్రీ పిల్లల కోసం కణభౌతికం నోట్సు తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. శక్తి నిత్యత్వ నియమం, ద్రవ్యవేగ నిత్యత్వ నియమం మనం బడిలో చదువుకున్నవే. చర్యకు ముందూ తరవాతా మొత్తం మారదని చెప్పేవి (ఇంగ్లీషులో కన్సర్వేషన్). అదే ఊపులో ‘స్ట్రేంజ్‌నెస్ నిత్యత్వ నియమం’ అని రాసేశాను. స్ట్రేంజ్‌నెస్ అంటే కణాలకు ఇచ్చే ఒక క్వాంటం సంఖ్య, ఒక రకం పద్దు. తీరా మళ్ళీ చదివితే అబద్ధం ఆడినట్టుంది.

ఋణ పయాన్ వెళ్ళి ప్రోటాన్‌ను ఢీకొంటే తటస్థ కేయాన్, లాంబ్డా పుట్టవచ్చు (పయాన్, కేయాన్, లాంబ్డా మూడూ ఎక్కువసేపు బతకని సూక్ష్మ కణాలే). ఆవేశం అటూ ఇటూ సున్నా. బేరియాన్ సంఖ్య (ప్రోటాన్, లాంబ్డా లాంటి కణాల లెక్క) అటూ ఇటూ ఒకటి. స్ట్రేంజ్‌నెస్ మొదట సున్నా; తరవాత కేయాన్‌కి +1, లాంబ్డాకి −1, కలిపితే మళ్ళీ సున్నా. కేయాన్ బదులు తటస్థ పయాన్ రాసి చూడండి. ఆవేశం, బేరియాన్ లెక్కలు కుదురుతాయి గానీ ఈ పద్దు తేలదు. ప్రబల చర్యలో (కేంద్రకాన్ని కట్టి ఉంచే బలంతో జరిగేదాంట్లో) అలా జరగదు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ లాంబ్డాయే ప్రోటాన్, ఋణ పయాన్‌గా విడిపోతుంది. −1 కాస్తా సున్నా! దుర్బల చర్య (బీటా క్షయాన్ని నడిపే బలంతో జరిగేది) కాబట్టి చెల్లింది. కాకపోతే తాపీగా జరుగుతుంది: సగటు ఆయుష్షు 2.6 × 10⁻¹⁰ సెకన్లు. (అవును, ఇది తాపీయే. ప్రబల చర్య అయితే 10⁻²³ సెకన్ల ప్రాంతంలో ముగియాలి.) పుట్టడం అంత సులువుగా, పోవడం ఇంత ఆలస్యంగా ఎందుకన్న చిక్కు విప్పడానికే 1953లో అమెరికాలో గెల్-మాన్, జపాన్‌లో నకానో, నిషిజిమా ఈ క్వాంటం సంఖ్యను తెచ్చారు.

ఎక్కడో ఒకచోట మారేదాన్ని ‘నిత్యం’ అనడమేమిటి? ‘నిలకడ నియమం’ అంటే ఎలా ఉంటుంది? అని ఇద్దరిని అడిగాను.

— ఒకరు: నిలకడ వద్దండీ. లాంబ్డాయే నిలకడ లేని కణం. ‘నిలకడ లేని కణాల స్ట్రేంజ్‌నెస్ నిలకడ’ అంటే పిల్లలు పుస్తకం మూసేస్తారు. అయినా నిత్యం అంటే శాశ్వతం ఒక్కటేనా? నిత్యావసరాలు అనడం లేదూ?

— నేను: మరి ‘పరిరక్షణ’?

— రెండోవారు: అడవులకీ పులులకీ సరే. ఇక్కడ కాపలా కాసేవాళ్ళెవరు?

— నేను: ఇద్దరి మాటా ఒప్పుకుంటున్నాను. శక్తికి, ఆవేశానికి నిత్యత్వం అలాగే ఉంచేశాను, వాటికి మినహాయింపు ఇంతవరకు కనబడలేదు కనుక. స్ట్రేంజ్‌నెస్ దగ్గర మాత్రం ఆ నామవాచకం కొట్టేసి క్రియ పెట్టాను: ‘ప్రబల, విద్యుదయస్కాంత చర్యల్లో మారదు, దుర్బల చర్యలో మారవచ్చు.’